నజ్మీన్ పెట్టిన హద్దు

గుంటూరులో ఏప్రిల్ నెలలో స్వెట్టరు వేసుకుని పనిచేసే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె పేరు నజ్మీన్. నల్లపాడు దగ్గర మా మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు మేడ మీద ఒక చిన్న గది ఉంది. ఆ గదిలో రాత్రీ పగలూ ఏసీ ఆగదు. కంపెనీ సర్వరు అందులోనే ఉంటుంది, దాన్ని చూసుకునేది నజ్మీన్. బయటివాళ్ళు వచ్చి ‘ఆ కంప్యూటర్ల పిల్ల ఏదండీ’ అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నజ్మీన్ గారు అనండి, నోరేం అరిగిపోదు అంటాను. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోనూ చర్చిలోనూ అందరికీ తెలుసు. ఈ విషయంలో మాత్రం నా కోపం న్యాయమైనదే.

నా పేరు ఇషాక్. ఈ కంపెనీలో అకౌంట్సు చూడబట్టి ముప్పై ఏళ్ళయింది. ఇక్కడికి వచ్చినవాళ్ళనీ పోయినవాళ్ళనీ చాలామందిని చూశాను. రాయాలనిపించింది ఈ ఒక్క మనిషి గురించే.

నజ్మీన్ పుట్టింది చిలకలూరిపేటలో. తండ్రి నాగూర్ వలి పరుపులు కుడతాడు. దూది ఏకడం వాళ్ళ తాతల నాటి పని. ఇంట్లో మంచం మీదా, అన్నం గిన్నె మీదా, ఎక్కడ చూసినా దూది పింజలే. జడలో పింజలతో బడికి వెళ్తే పిల్లలు ‘ముసలమ్మ, ముసలమ్మ’ అని ఏడిపించేవారట. ఏడ్చేదానివా అని ఒకసారి అడిగాను.

“ఏడుపెందుకు బాబాయ్? ఎక్కువ అరిచినదాన్ని పట్టుకుని, దానితోనే నా జడ దులిపించుకున్నా” అంది.

పదో తరగతి తర్వాత గుంటూరులో పాలిటెక్నిక్, ఆ పైన ఇంజనీరింగు చదివింది. విజయవాడలో ఒక కంపెనీలో నాలుగేళ్ళు ఎవరెవరి సర్వర్లకో కాపలా కాసింది. భర్త అన్వర్ నల్లపాడులో మోటార్లు రీవైండింగు చేసే షాపు పెట్టుకున్నాక ఇటు వచ్చేసింది. ఇంటర్వ్యూలో మా ఓనర్లలో పెద్దాయన ఆమెతో, “మా దగ్గర పెద్ద పనేం ఉండదమ్మా, కంప్యూటర్లు వాటి మానాన అవి నడుస్తుంటాయి” అన్నారు.

“అవే నడుస్తుంటే నన్నెందుకు పిలిచారు సార్?” అంది.

పెద్దాయన నా వైపు చూశారు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆ అమ్మాయి నాకు ఆ క్షణమే నచ్చేసింది.

మా కంపెనీ ముగ్గురన్నదమ్ములది. పెద్దాయన అంకయ్యగారివి ఈ కోల్డ్ స్టోరేజీ, దాన్ని ఆనుకున్న మిర్చి గోడౌను. రెండో ఆయన వెంకయ్యగారిది చిలకలూరిపేట హైవే మీద జిన్నింగు మిల్లు. చిన్నాయన బ్రహ్మయ్యగారిది మార్టూరులో గ్రానైటు పాలిషింగు. పెద్దమనుషుల ఎదుట వాళ్ళ పంపకాలు జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇత్తడి గంగాళాల దగ్గర్నుంచి గోడ గడియారం దాకా అన్నీ పంచుకున్నారు. పంచడానికి వీల్లేక ఉమ్మడిగా మిగిలినవి మూడే: ఆఫీసు మేడ, సర్వరు, నేను.

సర్వరంటే ఒక పెద్ద కంప్యూటరు. దాని లోపలే, నాలుగు వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టుగా నాలుగు నడుస్తుంటాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. మాకు నోరు తిరగక మిషన్లు అంటాం. అన్నదమ్ములు ముగ్గురి వ్యాపారాలకూ తలా ఒకటి, నాలుగోది మూడు చోట్లా పనిచేసే కూలీల హాజరుది. లెక్క చేసే ప్రాసెసరు మాత్రం ఈ నాలుగింటికీ ఒక్కటే. అందులో పదహారు కోర్లున్నాయి. పని చేసే చేతులు పదహారు అనుకుంటే సరిపోతుంది.

నజ్మీన్ రాకముందు ఈ ఏర్పాటు చేసినవాళ్ళు వచ్చి, ఎవరికెన్ని కోర్లు కావాలని ముగ్గురినీ అడిగారు. అన్నదమ్ములను అడగకూడని ప్రశ్న అది. పెద్దాయన పన్నెండన్నారు. అన్నకెన్నో నాకూ అన్నే అన్నారు వెంకయ్యగారు. నేనేమైనా సవతి కొడుకునా అన్నారు బ్రహ్మయ్యగారు. ముగ్గురికీ పన్నెండేసి రాసేశారు. ఉన్నవి పదహారైతే ముప్పై ఆరు ఎక్కణ్ణుంచి తెస్తారయ్యా అని నేనడిగాను. “అలా రాసుకోవచ్చండీ, అందరూ ఒకేసారి వాడరు కదా” అన్నారు. హాజరు మిషను ఎవరి వాటాలోనూ లేదు కాబట్టి దాని మొహాన ఒకటి పడేసి వెళ్ళిపోయారు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటారు. ఇక్కడ ఆ మజ్జిగ కూడా కాగితం మీదే.

అందరూ ఒకేసారి వాడరన్నది ఏ ఊరి అన్నదమ్ముల సంగతో నాకు తెలియదు. నిన్నటి సరుకెంత, అమ్మకమెంత, నిల్వ ఎంత అన్న రిపోర్టు చిన్నాయనకు పొద్దున కాఫీ వేళకే ఫోన్లోకి వస్తోందని పెద్దాయనకు తెలిసింది. వెంటనే తనదీ అదే వేళకు పెట్టించుకున్నారు. వెంకయ్యగారు మాత్రం ఊరుకుంటారా? అలా మూడు రిపోర్టులూ రోజూ ఏడున్నరకే మొదలయ్యేవి. కూలీలు గేటు దగ్గర వేలిముద్ర వేసే వేళ కూడా అదే, అంతకు ముందు అక్కడి పెట్టె ముద్ర తీసుకోదు.

గోడౌనులో ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలుకాయలు ఏరతారు. ఎనిమిది దాటాక ముద్ర పడితే పేరు పక్కన ‘ఆలస్యం’ అని ఎర్రగా వస్తుంది. ఆ ఉదయం పూట కూలి పోయినట్టే. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాళ్ళకు బొటనవేలి మీద గీతలు అరిగిపోతాయి. అందుకని గేటు దగ్గరి పెట్టె ‘మళ్ళీ పెట్టండి’ అన్నప్పుడల్లా తప్పు వేలిదే అనుకున్నాం. వాచ్‌మన్ అనుకున్నాడు, నేననుకున్నాను, పెద్దాయన అనుకున్నారు. ఆడవాళ్ళయితే మరీ గట్టిగా నమ్మారు. గేటు పక్కన కుళాయి దగ్గర వేలు రుద్దుకునేవాళ్ళు, కొబ్బరినూనె రాసేవాళ్ళు, జుట్టుకు తుడిచేవాళ్ళు. నిమ్మచెక్కతో రుద్దితే గీతలు మళ్ళీ లేస్తాయని ఎవరో చెబితే అదీ చేశారు. కారం తిన్న వేలి మీద నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో వాళ్ళకే తెలియాలి.

వాళ్ళలో కోటేశ్వరి అందరికంటే పాత మనిషి. గోడౌను తలుపు తీయకముందే వచ్చి గట్టు మీద కూర్చునే రకం. ఆ సీజనులో ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు పడటం మొదలైంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఒక పొద్దున చెంగు నడుముకు దోపుకుని నేరుగా మేడెక్కి నా బల్ల ముందు నిలబడింది.

“ఏవండీ ఇషాక్ గారూ, నేను ఆలీసంగా వచ్చానా? ఆ సంగతి మీ మిషను చెప్పుద్దా నాకు? చీకటితో లేచి, వండి, క్యారేజీ కట్టుకుని ఏడింటికల్లా గేటు కాడుంటన్నా. మీ వాచ్‌మన్నే అడగండి.”

“నీ వేలు అరిగిపోయింది కోటేశ్వరీ. ఏం చేస్తాం?” అన్నాను.

“అరిగితే మీ మిరక్కాయలకేగా అరిగింది” అంది.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోయిన పూట కూలి కన్నా ఎక్కువగా, ఆలస్యంగా వచ్చే మనిషి అన్న పేరు ఆమెను కోస్తోంది. నజ్మీన్ తన గది గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

“పిన్నీ, రేపు నేనూ వచ్చి నీ పక్కన నిలబడతా. ఏం జరుగుతోందో చూద్దాం” అంది.

అన్నట్టుగానే మర్నాడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వరసలో నిలబడింది. పెట్టె ఎప్పటిలాగే సతాయించింది. ఆమె కాసేపు తెర వంక, కాసేపు కోటేశ్వరి వేలి వంక చూసి, “నీ వేలు బంగారంలా ఉంది పిన్నీ. మిషనుకే ఊపిరాడట్లేదు” అంది.

తర్వాత నాకు విడమరిచి చెప్పింది. గేటు దగ్గర పెట్టిన ముద్ర మేడ మీది సర్వరుకు వస్తుంది. హాజరు మిషను దాన్ని పాత ముద్రతో పోల్చి, ఔనో కాదో చెప్పాలి. పోల్చాలంటే ప్రాసెసరు కావాలి. ఆ వేళకు ప్రాసెసరు మొత్తాన్నీ అన్నదమ్ముల రిపోర్టులు పట్టుకుని కూర్చుంటున్నాయి. హాజరు మిషను తన వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడుతోంది. కింద పెట్టె కొంతసేపు చూసి, జవాబు రాలేదు కాబట్టి ‘మళ్ళీ పెట్టండి’ అంటోంది. ఇదంతా ఆమె తెర మీద గీతల్లో చూపించింది. అన్నీ నాకు అర్థం కాలేదు గానీ, ఏడున్నరకు కొండలా లేచి ఎనిమిది దాటాక కూలబడే గీత ఎవరికైనా అర్థమవుతుంది.

“అయితే ఏం చెయ్యాలి?”

“హద్దు పెట్టాలి బాబాయ్. వాళ్ళ ముగ్గురి మిషన్లూ ప్రాసెసరులో ఇంతకు మించి వాడకూడదని. హాజరు మిషనుకేమో ఎవరూ ముట్టుకోకుండా కొంత పక్కన పెట్టాలి. చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు.”

“మరింకేం, చేసెయ్. వాళ్ళకేం తెలుస్తుంది? పన్నెండని రాసున్నది పన్నెండనే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చూడొచ్చేదెవరు?”

నేను మంచి మనసుతోనే చెప్పాను. ఆ ముగ్గురి మధ్య ముప్పై ఏళ్ళు నెగ్గుకొచ్చింది అలాంటి ఉపాయాలతోనే. ఆమె ల్యాప్‌టాప్ మూసి నా వంక చూసింది.

“చెప్పకుండా పెడితే, రేపు ఇంకొకళ్ళు చెప్పకుండానే తీసేస్తారు బాబాయ్. అప్పుడు పిన్ని మళ్ళీ నిమ్మచెక్క పట్టుకుంటుంది. వాళ్ళకు చెప్పి, వాళ్ళ కళ్ళముందే పెట్టాలి.”

“ఒప్పుకోరు.”

“ఒప్పుకోకపోతే పోట్లాడదాం.”

పోట్లాటలో నన్నూ కలిపేసుకుంది చూశారా. సరేనన్నాను.

పెద్దాయన డాక్టరు చెప్పాడని పొద్దున్నే గోడౌను చుట్టూ నడుస్తారు. రెండు రోజుల తర్వాత ఆయన గేటు దగ్గరికి వచ్చే వేళకు నజ్మీన్ అడ్డం వెళ్ళి నిలబడింది.

“సార్, ఒక్కసారి వేలు పెడతారా?”

హాజరు పెట్టె పెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టి మొట్టమొదటి ముద్ర వేసింది ఆయనే. కాబట్టి ఆయన వేలు కూడా మిషనుకు తెలుసు. ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఆయన నవ్వుతూ బొటనవేలు ఆనించారు. ‘మళ్ళీ పెట్టండి’ అంది పెట్టె. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే మాట. జీవితంలో ఒక్క తొడిమ తుంచి ఎరగని నున్నటి వేలు అది. పంచెకు తుడుచుకుని ఇంకోసారి నొక్కారు. వెనకాల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“నా వేలికేమొచ్చింది?” అన్నారు పెద్దాయన చిరాగ్గా.

“మీ వేలికేం రాలేదు సార్. కోటేశ్వరి పిన్ని వేలికీ ఏం రాలేదు. లోపల మీ ముగ్గురి రిపోర్టులూ తయారవుతున్నాయి. అవి లేచేదాకా దీనికి చోటు దొరకదు.”

ఆయన కాసేపు తన వేలు చూసుకున్నారు, కాసేపు వరస చూశారు. వెనక్కి తిరిగి ఆఫీసులోకి వచ్చేశారు. మెట్ల దగ్గర నేను కనిపిస్తే, “తమ్ముళ్ళను సోమవారం రమ్మను ఇషాకూ” అన్నారు.

సోమవారం ముగ్గురూ పెద్దాయన గదిలో కూర్చున్నారు. నజ్మీన్ నిలబడే మాట్లాడింది. విషయం అందరికీ తేలిగ్గానే అర్థమైంది. హద్దు పెట్టాల్సిందేనని ముగ్గురూ అన్నారు, ఎవరికి వారు మిగతా ఇద్దరికీ పెట్టమన్నారు. అసలు తంటా అక్కడొచ్చింది.

వెంకయ్యగారు నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలారు. “వడ్డించేది మనమ్మాయి, ఇంక మనకి తక్కువేముంది? మా ఇంట్లో పరుపులన్నీ నాగూర్ వలి కుట్టినవేగా. ఏమ్మా?”

“మా నాన్న మీ పరుపుల్లో దూది తక్కువేం పెట్టలేదు సార్. పక్కింటివాళ్ళ పరుపులోంచి లాగి ఎక్కువా పెట్టలేదు” అంది నజ్మీన్.

బ్రహ్మయ్యగారు పకపకా నవ్వారు. వెంకయ్యగారి మొహం ముడుచుకుంది. పెద్దాయన గొంతు సవరించుకుని, పెద్దవాడికి ఎప్పుడైనా ఒక పాలు ఎక్కువ ఇవ్వడం ఆనవాయితీ కదా అన్నారు.

“గేటు దగ్గర మనుషులున్నంతసేపు ముగ్గురికీ ఒకటే హద్దు సార్. ఎనిమిది దాటాక హద్దు ఎత్తేస్తాను. అప్పుడు ఎవరికెంత కావాలంటే అంత. రిపోర్టు కాస్త వెనకా ముందూ వస్తుంది, అంతే.”

“అంటే కాఫీ టయానికి రాదా?” అన్నారు వెంకయ్యగారు.

అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఇక నా వల్ల కాలేదు. “రిపోర్టు ఆలస్యమైతే మీ పూట కూలి ఎవరూ కొయ్యరు గదండీ” అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది మాట. పెద్దాయన నన్ను తిడతారనుకున్నాను. ఆయన నజ్మీన్ వైపు తిరిగి, “పెట్టమ్మా” అన్నారు. ఆమె ల్యాప్‌టాప్ వాళ్ళ ముందుకు తిప్పి, ఏ అంకె ఎక్కడ పెడుతోందో ఒక్కొక్కటీ చూపించి మరీ పెట్టింది.

మర్నాడు గేటు దగ్గర వేలు ఆనించడమే ఆలస్యం, పెట్టె కుయ్‌మంది. ఎనిమిది కొట్టే వేళకు గేటు బయట ఒక్కళ్ళూ లేరు. కోటేశ్వరి లోపలికెళ్ళి మళ్ళీ బయటికొచ్చి, వాచ్‌మన్ మొహం ముందు బొటనవేలు ఆడించి వెళ్ళింది. “చూశావా నా ఏలు? ఇంకెప్పుడన్నా నూనె రాసుకోమన్నావంటే చెప్తా నీ సంగతి” అంది. నేను మేడ మీద నుంచి చూసి సంతోషపడ్డాను.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఎనిమిది తర్వాత హద్దు తనంతట తనే లేచిపోయే ఏర్పాటు మూడు మిషన్లకూ చెయ్యాలి. నజ్మీన్ రెండింటికే చేసింది. వెంకయ్యగారి మిషనుకు మరిచిపోయింది. ఇక్కడ సర్వరు సగానికి పైగా ఖాళీగా ఉంది, అక్కడ చిలకలూరిపేటలో మిల్లు పని కాళ్ళకు తాడు కట్టినట్టు కుంటుతోంది. పత్తి లారీలు కాటా ఎక్కితే తూకం చీటీ ఎంతకీ రావడం లేదు. లారీల వరస హైవే దాకా పాకింది.

వెంకయ్యగారు నజ్మీన్‌కు ఫోను చేశారు. ఆయన గొంతు ఫోను బయటికి కూడా వినపడుతోంది.

“కావాలని చేశావా? నీకు వడ్డించడం చేతకాకపోతే గరిటె కింద పెట్టు. ఆ హద్దులన్నీ పీకేసి పాత పద్ధతే పెట్టు.”

సాఫ్ట్‌వేరు మీదో కరెంటు మీదో నెట్టెయ్యొచ్చు. ఈ లైన్లో చాలామంది అదే చేస్తారు. ఆమె అప్పటికే తాడు విప్పేసింది.

“కావాలని కాదు సార్, తప్పు నాదే. ఎనిమిదింటికి ఎత్తాల్సింది, మీది మర్చిపోయాను. ఇప్పుడు ఎత్తేశాను, చీటీలు వస్తున్నాయేమో చూడండి. కానీ పొద్దుటి హద్దు మాత్రం తియ్యను.”

“తియ్యవా?”

“నా తప్పుకి నన్ను తిట్టండి సార్. ఆడవాళ్ళను గేటు బయట నిలబెట్టకండి.”

ఫోను కట్టయింది. నజ్మీన్ చేతులు స్వెట్టరు లోపలికి లాక్కుంది.

“ఉద్యోగం ఉంటుందా బాబాయ్?”

“ఉమ్మడి ఉద్యోగం కదమ్మా. తీసెయ్యాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. వాళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా ఒప్పుకున్నది నేనింతవరకూ చూళ్ళేదు” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. పర్సు తీసుకుని, బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళింది. మిల్లు గేటు దగ్గర డ్రైవర్లకు తన వల్లే ఆలస్యమైందని చెప్పింది. వాళ్ళు నాలుగు మాటలన్నారట, పడింది. చివరి లారీ కాటా దిగేదాకా అక్కడే నిలబడింది. వెంకయ్యగారు ఆఫీసు కిటికీలోంచి ఇదంతా చూశారని, చీకటి పడుతుంటే తన కారు డ్రైవరును పిలిచి ఆమెను నల్లపాడులో దింపి రమ్మన్నారని మిల్లు వాళ్ళు నాకు తర్వాత చెప్పారు. హద్దు పెట్టగలిగినవాళ్ళు విజయవాడలో వీధికొకరు దొరుకుతారు. తప్పు చేసిన చోటికి వెళ్ళి నిలబడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారో నాకు చెప్పండి. అన్వర్‌ను అడిగితే, “మా ఇంట్లో ఫ్యాన్లక్కూడా హద్దులే బాబాయ్” అని వేళాకోళం ఆడతాడు గానీ, భార్య మాట వచ్చేసరికి ఆ కుర్రాడి మొహం వెలిగిపోతుంది.

ఆ తర్వాత ఏడాది గడిచింది. మళ్ళీ మార్చి వచ్చింది. ఈసారి కాయ విరగకాసింది. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, పెట్టడానికి జాగా లేదు. గోడౌనులో పనికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కొత్తగా చాలామంది ఆడవాళ్ళొచ్చారు. పొద్దున పూట ఆఫీసు మెట్ల మీద కూడా ఘాటుకు తుమ్ములే.

అలాంటి ఒక పొద్దున చెన్నై నుంచి ఎగుమతి వ్యాపారులు ఇద్దరు పెద్దాయన గదిలో కూర్చుని ఉన్నారు. పెద్ద బేరం. ఏ రకం కాయ ఏ గదిలో ఎంత ఉందో ఆ పొద్దుటి రిపోర్టు చూసి మాట్లాడుకుని, యార్డు తెరిచే వేళకు వాళ్ళు అక్కడ ఉండాలట. వాళ్ళ కారు ఇంజను కూడా ఆపలేదు. రిపోర్టు నెమ్మదిగా వస్తోంది. పెద్దాయన నజ్మీన్‌ను పిలిపించారు. వెనకే నేనూ వెళ్ళాను.

“అమ్మా, ఇవాళ ఒక్కరోజు నా మిషను హద్దు తీసెయ్” అన్నారు.

నజ్మీన్ కిటికీలోంచి కిందికి చూసింది. నేనూ చూశాను. వరస గేటు దాటి రోడ్డు మలుపు దాకా ఉంది. కొత్తగా చేరినవాళ్ళు క్యారేజీలు చంకలో ఇరికించుకుని, పెట్టె దగ్గర ఏం చెయ్యాలో కోటేశ్వరిని అడుగుతున్నారు. జవాబేమిటో నాకు తెలుసు. ఇది తమ్ముడు కాదు, పెద్దాయన. అదీ బయటివాళ్ళ ముందు.

“తియ్యను సార్” అంది.

“ఒక్కరోజేనమ్మా.”

“ఇవాళే ఎక్కువమంది ఉన్నారు సార్. ఎనిమిది దాటగానే మొత్తం మీకే.”

గొంతు పెంచలేదు, తల దించలేదు. ఇంకేమైనా అంటారేమోనని కాసేపు నిలబడి చూసి, నమస్కారం పెట్టి తన గదికి వెళ్ళిపోయింది. పెద్దాయన కుర్చీలోంచి లేచారు. ఆమెను వెనక్కి పిలుస్తారనుకున్నాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కింద వేలు పెట్టడం, పెట్టె కూయడం, ఇంకో వేలు పెట్టడం. మలుపు దగ్గర ఆటో దిగిన ఇద్దరు ఆడవాళ్ళు పరుగున వచ్చి వరస చివర చేరారు. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

“ఏంటి సార్, ఏమైనా ప్రాబ్లమా?” అన్నాడు చెన్నై నుంచి వచ్చినవాళ్ళలో పెద్దవాడు.

పెద్దాయన వెనక్కి తిరిగారు. కండువా సర్దుకున్నారు. “ప్రాబ్లమేం లేదండీ. ఇప్పుడు వచ్చి వెళ్ళిందే, మా అమ్మాయి. మా మనుషులంతా గేటు లోపలికొచ్చేదాకా నా లెక్కలు ఆపుతుంది. నేనడిగినా ఇవ్వదు. ఓనర్ని, నాక్కూడా ఇవ్వదు” అన్నారు. “కారు ఇంజను ఆపించండి. కాఫీ తాగుదాం.”

అంకయ్యగారు తన కోల్డ్ స్టోరేజీ గురించీ, కారు గురించీ, కొత్తగా కట్టిన ఇంటి గురించీ గొప్పలు చెప్పుకోవడం ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. తనకు దక్కనిదాని గురించి అంత గొప్పగా చెప్పుకోవడం అదే మొదటిసారి విన్నాను. నా కళ్ళు చెమర్చాయి. మిరప ఘాటు అని చెప్పి బయటికి వచ్చాను. నజ్మీన్ అప్పటికే తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పెద్దాయన అన్న మాట ఆమె వినలేదు. అందుకే రాశాను.